వినడం నేర్పిన మనిషి – కార్ల్ రోజర్స్

– బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి

వ్యవసాయశాస్త్రం చదువుదామని కాలేజీలో చేరి, చివరికి మనుషుల మాట వినటమే వృత్తిగా చేసుకున్న ఒక అమెరికన్ జీవితం ఇది. ఆయన పేరు కార్ల్ రోజర్స్. సైకాలజీ చదివే మిత్రులకు ఈ పేరు పరీక్షలో వచ్చే ప్రశ్నగా తెలిసే వుంటుంది. మాలాంటి సైన్సు విద్యార్థులకు ఆ మాత్రం కూడా తెలియదు. మనశ్శాస్త్రం అనగానే ఫ్రాయిడ్, ఫ్రాయిడ్ అనగానే కలలు. అంతటితో మన పరిజ్ఞానం సరి!

ఇక కౌన్సెలింగ్ అనే మాటకు మన దగ్గర వచ్చిన అర్థం వేరు. ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల జెరాక్సులు పట్టుకుని, నాన్నను వెంటబెట్టుకుని సీటు కోసం క్యూలో నిలబడటమే మనకు తెలిసిన కౌన్సెలింగ్. అసలు కౌన్సెలింగ్ అంటే ఒక మనిషి కష్టాన్ని ఇంకో మనిషి కూర్చుని వినటం. వినటంలో వైద్యం వుందని చెప్పటమే గాక, ఆ మాటను ప్రయోగాలకు పెట్టి, లెక్కలు తీసి చూపించినవాడు రోజర్స్. అందుకే ఒక సైన్సు విద్యార్థి ఆయన్ని గురించి రాయటంలో తప్పులేదనుకుంటున్నాను.

పొలంలో పెరిగిన కుర్రవాడు

కార్ల్ రోజర్స్ 1902 జనవరి 8న, షికాగో నగరం పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి సివిల్ ఇంజనీరు, కాంట్రాక్టులు చేసి బాగానే సంపాదించాడు. తల్లి దైవభక్తి గల మనిషి. ప్రేమకు లోటులేని ఇల్లే గాని, కట్టుబాట్లు మాత్రం గట్టివి. తాగుడు లేదు, పేకాట లేదు, నాట్యం లేదు, నాటకం లేదు. ఎవరితోనూ ఎక్కువ కలవటం లేదు. సోడా తాగటం కూడా ఏదో పాపం చేసినట్టుండేదని పెద్దయ్యాక రోజర్స్ తలుచుకున్నాడు. పిల్లవాడు ఒంటరిగా పెరిగాడు. పుస్తకాలే స్నేహితులు.

కార్ల్‌కు పన్నెండేళ్ళప్పుడు తండ్రి షికాగోకు పడమరగా ఒక పెద్ద పొలం కొన్నాడు. కుటుంబమంతా అక్కడికి మారింది. వయసుకొస్తున్న పిల్లల్ని పట్నవాసపు ఆకర్షణలకు దూరంగా వుంచాలనేది కూడా ఒక కారణం. మన దగ్గర పిల్లలు పాడవకూడదని పల్లె నుంచి పట్నం హాస్టలుకు పంపిస్తారు, అక్కడ పట్నం నుంచి పొలానికి తీసుకుపోయారు. మొత్తానికి తల్లిదండ్రుల భయం ఎక్కడైనా ఒకటే!

ఆ పొలమే కార్ల్‌ను శాస్త్రజ్ఞుణ్ణి చేసింది. తండ్రి వ్యవసాయం కూడా శాస్త్రీయంగా జరగాలనే పట్టుదల గలవాడు. పిల్లలకు కోళ్ళను, గొర్రెపిల్లల్ని, దూడల్ని ఇచ్చి వాళ్ళచేతే పెంచనిచ్చాడు. పశువుల మేత గురించి మారిసన్ అనే ఆయన రాసిన లావుపాటి పుస్తకాన్ని కార్ల్ పద్నాలుగేళ్ళ వయసులో పట్టుదలగా చదివాడు. ఒక మేత పాలదిగుబడిని పెంచుతుందో లేదో ఎలా తేల్చాలి? కొన్ని పశువులకు ఆ మేత పెట్టాలి. సరిగ్గా అలాంటివే మరికొన్నింటికి పెట్టకుండా వుంచాలి. రెంటినీ పోల్చాలి. మనం ల్యాబుల్లో కంట్రోల్ గ్రూపు అని చెప్పుకునే సంగతిని ఆయన పశువుల పాకలో నేర్చుకున్నాడు. దానికి తోడు లూనా అనే పెద్ద రాత్రి సీతాకోకలంటే ఆ కుర్రవాడికి పిచ్చి. వాటి గొంగళిపురుగుల్ని పెంచి, గూళ్ళు కట్టాక చలికాలమంతా కాపాడి, రెక్కలు విప్పేదాకా కనిపెట్టుకుని వుండేవాడు. తొందరపడి గూడు చీలిస్తే సీతాకోక దక్కదు గదా. ఈ ఓపిక ఆయనకు తరవాత పనికొచ్చింది.

ఆ పొలంలో చూసిన ఇంకొక సంగతి కూడా ఆయన చివరిదాకా మరచిపోలేదు. చలికాలానికని బంగాళాదుంపలు నేలమాళిగలో నిలవ చేసేవారు. పైన ఎక్కడో ఒక చిన్న కిటికీ. మట్టి లేదు, నీళ్ళు లేవు, ఎండ లేదు. అయినా ఆ దుంపలు మొలకలు వేసేవి. ఆరోగ్యమైన పచ్చటి మొలకలు కావు, తెల్లగా పాలిపోయి, బలహీనంగా సాగిన మొలకలు. అవి రెండడుగులు, మూడడుగులు పెరిగి ఆ కిటికీ వెలుతురు వైపుకే పాకేవి. అవి మొక్కలు కావు, కాయలు కాయవు. అయినా బతకటానికి ప్రయత్నం మానవు. పెద్దయ్యాక పిచ్చాసుపత్రుల్లో వికృతంగా ప్రవర్తించే మనుషుల్ని చూసినప్పుడల్లా రోజర్స్‌కు ఆ మొలకలే గుర్తుకొచ్చేవట. వాళ్ళు చేసే పనులు మనకు అర్థంలేనివిగా కనబడొచ్చు. వాళ్ళున్న చీకట్లో వాళ్ళకు దొరికిన దారి మాత్రం అదొక్కటే. మన ఇళ్ళల్లో అటకమీద పెట్టిన కంద, మూలన పడేసిన చేమదుంప మొలకెత్తటం మనమందరం చూసినదే. చూసి, కోసి, కూర వండుకుంటాం. రోజర్స్ అందులోంచి ఒక సిద్ధాంతం తీశాడు.

దారి మారిన చదువు

1919లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం విద్యార్థిగా చేరాడు. తరవాత మతబోధకుడు కావాలనే ఆలోచన బలపడి చరిత్రలోకి మారాడు. 1922లో చైనాలోని పెకింగ్ నగరంలో ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల మహాసభ జరిగింది. దానికి అమెరికా నుంచి ఎంపికైన కొద్దిమంది విద్యార్థుల్లో ఈ ఇరవయ్యేళ్ళ కుర్రవాడొకడు. ఓడ ప్రయాణం, మహాసభ, తూర్పుదేశాల్లో పర్యటన, అన్నీ కలిపి ఆరునెలలు పైన.

ఆ ఆరునెలలు ఆయన్ని కొత్తమనిషిని చేశాయి. ఒకరితో ఒకరికి పొసగని నమ్మకాలుండి కూడా మనుషులు నిజాయితీగా వుండవచ్చునని మొదటిసారి కళ్ళారా చూశాడు. తన ఆలోచనలన్నీ దాచకుండా ఇంటికి ఉత్తరాలు రాశాడు. ఆ రోజుల్లో ఉత్తరం సముద్రం దాటి వెళ్ళి, జవాబు తిరిగొచ్చేసరికి నెలలు పట్టేది. తల్లిదండ్రుల కలవరం కాగితం మీద అందేటప్పటికి కొడుకు చాలా దూరం వెళ్ళిపోయాడు. పెద్ద గొడవ లేకుండానే స్వతంత్రుడయ్యాడు. ఈనాడు కొడుకు హాస్టలు మెట్లు దిగేలోపే ఇంటినుంచి నాలుగు ఫోన్లు వస్తున్నాయి. ఆ ఆలస్యం కూడా ఒక అదృష్టమేననిపిస్తుంది.

1924లో పట్టా పుచ్చుకుని, ఆ ఏడాదే చిన్ననాటి స్నేహితురాలు హెలెన్‌ను పెళ్ళి చేసుకుని, న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో చేరాడు. అక్కడ ఆయనా, తోటి విద్యార్థులూ కలిసి ఒక విచిత్రమైన కోరిక కోరారు. అధ్యాపకుడు పాఠం చెప్పని తరగతి ఒకటి కావాలన్నారు. తమ ప్రశ్నలే పాఠ్యప్రణాళిక. యాజమాన్యం ఒప్పుకుంది కూడా. (మన విద్యార్థి సంఘం కూడా ఒకసారి అడిగి చూడవచ్చు!) ఆ తరగతిలో ఆలోచించి ఆలోచించి చాలామంది మతబోధకవృత్తిలోంచే బయటపడ్డారు. రోజర్స్ ఒకడు. వీధికి అవతలివైపే కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ వుంది. వీధి దాటి మనశ్శాస్త్రంలో చేరాడు. 1931లో డాక్టరేటు వచ్చింది.

రోచెస్టర్‌లో పన్నెండేళ్ళు

డాక్టరేటు చేతికి రాకముందే, 1928లో, రోచెస్టర్ నగరంలో హింసకు, నిరాదరణకు గురైన పిల్లల కోసం పనిచేసే ఒక సంఘంలో ఉద్యోగం దొరికింది. జీతం ఏడాదికి 2,900 డాలర్లు. తోటి ప్రొఫెసర్లు లేరు, పెద్ద పేరు రాదు. కాని ఇష్టమైన పని, పెళ్ళాం బిడ్డల్ని పోషించుకునే దారి. చేరిపోయాడు. పన్నెండేళ్ళు అక్కడే వున్నాడు.

అప్పటికి మానసిక చికిత్సలో ప్రధానమైన దారి ఫ్రాయిడ్‌ది. వియన్నా నగరానికి చెందిన ఆ మహానుభావుడు మన బాధలకు మూలం అచేతన మనస్సులో, అణచివేసిన కోరికల్లో, బాల్యంలో వుందన్నాడు. దాన్ని తవ్వి తీసి, అర్థం చెప్పేవాడు డాక్టరు. ఫ్రాయిడ్ నుంచి విడిపోయిన ఆడ్లర్, న్యూనతాభావాన్ని దాటాలనే తపనే మనిషిని నడిపిస్తుందన్నాడు. అమెరికాలో వాట్సన్ వంటి ప్రవర్తనావాదులు మనసు మాట వదిలెయ్యండి, కంటికి కనిపించే ప్రవర్తననే కొలవండి, అలవాట్లనే మార్చండి అన్నారు. దారులు వేరైనా అందరిలోనూ ఒక పోలిక వుంది. జబ్బేమిటో తెలిసినవాడు డాక్టరు, చెప్పించుకోవలసినవాడు రోగి.

రోజర్స్ కూడా మొదట ఆ పద్ధతే పాటించాడు. కాని పిల్లలు సిద్ధాంతాల ప్రకారం నయం కాలేదు. నిప్పు పెట్టే అలవాటున్న ఒక కుర్రవాడి విషయంలో, ఒక ప్రసిద్ధ పుస్తకంలో చెప్పిన కారణాన్నే పట్టుకుని, ఓపికగా తవ్వి, అర్థం చెప్పి, కేసు తేలిపోయిందనుకున్నాడు. విడుదలయ్యాక ఆ కుర్రవాడు మళ్ళీ నిప్పు పెట్టాడు. పుస్తకాల్లోని పెద్దవాళ్ళు కూడా పొరబడవచ్చునని రోజర్స్‌కు ఆనాడు తెలిసింది.

ఆయన జీవితానికి మలుపైన సంఘటన ఇంకొకటి. అల్లరికి అంతులేని ఒక పిల్లవాణ్ణి తీసుకుని తల్లి వచ్చింది. తెలివైన స్త్రీ. పసితనంలో బిడ్డను ఆమె దగ్గరకు తీయకపోవటమే మూలమని రోజర్స్‌కు స్పష్టంగా తోచింది. ఆ సంగతి ఆమెకు తెలియజెప్పాలని వారాల తరబడి సున్నితంగా ప్రయత్నించాడు. ఆమెకు ఎక్కలేదు. చివరికి ఇద్దరం ప్రయత్నించాం, కుదరలేదు, ఇక ఆపేద్దామన్నాడు. ఆమె సరేనని లేచి తలుపుదాకా వెళ్ళింది. అక్కడ ఆగి, ఇక్కడ పెద్దవాళ్ళ కష్టాలు కూడా వింటారా అని అడిగింది. వింటామన్నాడు. ఆమె తిరిగొచ్చి కూర్చుని, సంసారంలోని దుఃఖమంతా, భర్తతో పొసగకపోవటం, తన ఓటమి, అన్నీ వరదలా చెప్పుకొచ్చింది. అంతకుముందు ఆయన రాసుకున్న కేసు వివరాలకూ దీనికీ పోలికే లేదు. ఈసారి రోజర్స్ అర్థాలు చెప్పలేదు. ఆమె వెంట నడిచాడు, అంతే. క్రమంగా ఆమె సంసారం మెరుగయింది. పిల్లవాడి అల్లరీ తగ్గింది.

ఎక్కడ నొప్పి వుందో, ఎటు వెళ్ళాలో, ఏది లోతుగా పూడ్చిపెట్టబడిందో తెలిసినవాడు బాధపడే మనిషే. డాక్టరు తన తెలివిని ప్రదర్శించుకోవాలనుకుంటే తప్ప, దారి చూపే పని ఆ మనిషికే వదిలెయ్యటం మేలు. రోజర్స్ ఆ తల్లి దగ్గర నేర్చుకున్న పాఠం ఇది.

రోగి కాదు, క్లయింట్

1940లో ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయం ఆయన్ని నేరుగా ప్రొఫెసర్‌గా పిలిచింది. ఆ ఏడాది డిసెంబరు 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. సలహాలివ్వటం, బోధించటం, బుజ్జగించటం వంటి పాతపద్ధతులన్నిటినీ విమర్శించి, కొత్త పద్ధతి ఒకటి వుందని వివరించాడు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. ఆ గందరగోళం చూశాకే తాను చెబుతున్నది నిజంగా కొత్తదని ఆయనకు తెలిసింది. తన పద్ధతి పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకునేవాడు.

1942లో కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ అనే పుస్తకం వచ్చింది. అందులో రెండు విశేషాలున్నాయి. మొదటిది, రోగి అనే మాట తీసేసి క్లయింట్ అనే మాట వాడటం. మాట మార్పే గదా అనిపిస్తుంది. కాని రోగి అంటే చేతులు కట్టుకుని నిలబడేవాడు, క్లయింట్ అంటే తన పని మీద తాను వచ్చినవాడు. రెండవది, ఒక పూర్తి చికిత్సను మొదటినుంచి చివరిదాకా రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా అచ్చువేయటం. అప్పటికి టేపురికార్డర్లు లేవు. గ్రామఫోన్ రికార్డుల మీద పట్టాలి, కొద్ది నిమిషాలకొకసారి మార్చాలి. అంతవరకూ చికిత్సగది తలుపు మూసే వుండేది. లోపల ఏం జరిగిందో డాక్టరు చెప్పిందే ప్రమాణం. రోజర్స్ ఆ తలుపు తెరిచాడు. పశువుల మేత పుస్తకం చదివిన కుర్రవాడు ఇక్కడ మళ్ళీ కనబడతాడు.

1945లో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళి కౌన్సెలింగ్ కేంద్రం స్థాపించాడు. 1951లో క్లయింట్ సెంటర్డ్ థెరపీ ప్రచురించాడు. ఈ మధ్యనే ఆయనకు ఒక గండం కూడా వచ్చింది. తీవ్రమైన మానసిక వ్యాధిగల ఒక స్త్రీకి సహాయం చెయ్యబోయి, తానే ఆ వరదలో కొట్టుకుపోయే స్థితికొచ్చాడు. ఒకనాడు ఇక భరించలేక, ఆమెను మరో వైద్యుడికి అప్పగించి, భార్యతో కలిసి రెండు మూడు నెలలు ఊరు విడిచి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక తన దగ్గర పనిచేసే సహచరుడి దగ్గరే క్లయింట్‌గా కూర్చుని చికిత్స పొందాడు. అప్పటికే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడుగా చేసిన పెద్దమనిషి! తనకన్నా చిన్నవాడి ముందు నా మనసు బాగాలేదని ఒప్పుకోవటానికి ఎంత ధైర్యం కావాలో మనం ఊహించుకోవచ్చు. మన ఊళ్ళల్లో ఆ మాట అంటే పెళ్ళిసంబంధాలు కూడా తప్పిపోతాయని భయపడతాం.

సిద్ధాంతం క్లుప్తంగా

రోజర్స్ ఆలోచన అర్థం కావటానికి రెండు మూడు సంగతులు చాలు.

ప్రతి జీవిలోనూ ఎదగాలనే, పూర్ణత్వం పొందాలనే ప్రవృత్తి వుంది. అది బయటినుంచి పెట్టేది కాదు. నారు ఎదగటానికి ఎవరూ పైకి లాగరు. నీరు, ఎండ, ఎరువు, కలుపుతీత చూసుకుంటే అదే ఎదుగుతుంది. రైతు పని మొక్కను పెంచటం కాదు, పెరిగే పరిస్థితి కల్పించటం. చికిత్సకుడి పనీ అంతే.

మరి అలాంటి ప్రవృత్తి వుండగా మనిషి ఎందుకు చెడుతున్నాడు? దీనికి రోజర్స్ చెప్పిన జవాబు మనబోటి విద్యార్థులు జాగ్రత్తగా వినవలసింది. పిల్లవాడికి ఆహారం ఎంత అవసరమో ఆదరణ కూడా అంత అవసరం. కాని ఆ ఆదరణ షరతుల మీద దొరుకుతుంది. ఏడవకపోతే మంచివాడివి, ఫస్టు వస్తే మావాడివి, డాక్టరయితే మా పరువు నిలబెట్టినవాడివి. పిల్లవాడు మెల్లగా ఆ షరతుల్నే తన విలువగా నమ్ముకుంటాడు. తనకు నిజంగా కలిగే అనుభవం ఒకటి, తాను ఇలా వుండాలని మనసులో గీసుకున్న బొమ్మ ఇంకొకటి. ఈ రెంటి మధ్య దూరం పెరిగినకొద్దీ భయం, ఆందోళన, నటన పెరుగుతాయి.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మన పల్లెల్లో ఏం జరుగుతుందో చూడండి. మార్కులు తగ్గిన కుర్రవాడు ఇంటికి రాడు. చెరువుగట్టునో, బస్టాండులోనో చీకటి పడేదాకా కూర్చుంటాడు. కొంతమంది అసలే రారు. ప్రతి ఏడూ పేపర్లో చదువుతున్నాం. తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు. మాది వ్యవసాయ కుటుంబం, నాకు తెలుసు. పుస్తె తాకట్టుపెట్టి ఫీజు కట్టిన తండ్రికి కొడుకు చదువు ఒక్కటే అప్పు తీరే దారి. ఆ ఆశ తప్పుకాదు. కాని ఆ ఆశే పిల్లవాడి చెవికి ఒక షరతుగా వినబడుతోందని ఎవరూ గమనించటంలేదు. మార్కులు పోతే తానే పోయినట్టు వాడనుకుంటాడు. రోజర్స్ తన సిద్ధాంతం రాసేటప్పుడు మన పిల్లల్ని చూడలేదు. అయినా వాళ్ళ గురించే రాసినట్టుంటుంది.

దీనికి మందుగా ఆయన 1957లో రాసిన ఒక వ్యాసంలో కొన్ని పరిస్థితులు చెప్పాడు. వాటిలో మూడు ముఖ్యం. ఒకటి, వినేవాడు లోపలా బయటా ఒకటిగా వుండాలి, వేషం పనికిరాదు. రెండు, షరతుల్లేని ఆదరణ. చేసిన ప్రతి పనినీ మెచ్చుకోమని కాదు, మనిషిని మాత్రం తోసిపుచ్చకూడదని. మూడు, సహానుభూతి. ఇది జాలి కాదు. జాలి గట్టుమీద నిలబడి అయ్యో అంటుంది. సహానుభూతి అవతలివాడి కళ్ళతో లోకాన్ని చూస్తుంది, చూస్తూనే తన కాళ్ళమీద తాను నిలబడుతుంది. ఈ పరిస్థితులుంటే మార్పు వస్తుంది, వేరే ఏమీ అక్కర్లేదన్నాడు రోజర్స్.

మన పల్లెల్లో పరామర్శకు వచ్చే పెద్దవాళ్ళను చూశారా? కొందరు వచ్చి, అప్పుడే పట్నం తీసుకెళ్ళవలసింది, ఆ డాక్టరు దగ్గరికి పోవలసింది అని లెక్చర్లిస్తారు. ఇంకొందరు వచ్చి అరుగుమీద మౌనంగా కూర్చుంటారు, ఇంటివాళ్ళు చెప్పుకున్నంతసేపు వింటారు, లేచి వెళ్తారు. ఎవరు వెళ్ళాక ఇంటివాళ్ళ గుండె బరువు తగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఈ రెండోరకం పెద్దమనిషికి తెలిసిన విద్యనే రోజర్స్ శాస్త్రంగా మార్చాడు.

కొలిచి చూపించాడు

మాట బాగుంది, రుజువేది అని సైన్సువాళ్ళం అడుగుతాం. రోజర్స్ బృందం ఆ పనీ చేసింది. వంద చీట్లమీద మనిషి స్వభావాన్ని తెలిపే వంద వాక్యాలు రాసి ఇచ్చేవారు. నేనిప్పుడు ఎలా వున్నాను అనే లెక్కన వాటిని వరసగా కుప్పలు పెట్టాలి. తరవాత నేనెలా వుండాలనుకుంటున్నాను అనే లెక్కన మళ్ళీ కుప్పలు పెట్టాలి. ఈ రెంటికీ ఎంత పొంతన వుందో గణితంలో కోరిలేషన్ తీస్తారు. 1954లో ప్రచురించిన ఫలితాల్లో, చికిత్సకు ముందు క్లయింట్లలో ఈ పొంతన సగటున దాదాపు సున్నా. చికిత్స తరవాత 0.34కు పెరిగింది. చికిత్స అడగని మామూలు మనుషుల గుంపులో అది మొదటినుంచీ 0.58 దగ్గరే నిలిచివుంది. అంటే క్లయింట్లు పూర్తిగా మామూలు మనుషులతో సమానం కాలేదు, కాని ఆ దూరంలో సగానికి పైగా నడిచారు. మనసులోని దుఃఖానికి కూడా కొలబద్ద తయారుచెయ్యవచ్చునని ఈ పని చూపించింది. 1956లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మొట్టమొదటిసారి ఇచ్చిన శాస్త్రకృషి పురస్కారాలు ముగ్గురికి దక్కాయి. రోజర్స్ అందులో ఒకడు.

ఎదురుదెబ్బలు, విమర్శలు

అన్నీ విజయాలే కాదు. 1957లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి తిరిగివెళ్ళి, స్కిజోఫ్రేనియా రోగుల మీద తన పద్ధతిని పెద్దయెత్తున పరీక్షించాడు. పరిశోధక బృందంలో తగాదాలు వచ్చాయి. ఫలితాలూ ఆశించినంత రాలేదు. చికిత్స పొందినవారు పొందనివారికన్నా మొత్తం మీద ఎంతో మెరుగుపడ్డారని చెప్పటానికి వీల్లేకపోయింది. సహానుభూతి బాగా దొరికినవాళ్ళు మాత్రం కొంత మెరుగయ్యారు. ఈనాడు అటువంటి తీవ్రవ్యాధులకు మందులు తప్పనిసరి అని మనకు తెలుసు.

ప్రవర్తనావాది స్కిన్నర్‌తో ఆయన వాదన ప్రసిద్ధమైనది. మనిషి ప్రవర్తన పరిసరాల చేతిలో వుంది, దాన్ని శాస్త్రీయంగా తీర్చిదిద్దుదామన్నాడు స్కిన్నర్. తీర్చిదిద్దేది ఎవరు, ఏ విలువల కోసం అని అడిగాడు రోజర్స్. 1956లో మొదలైన ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఇంకొక చికిత్సకుడు, ఆదరణ మంచిదే గాని అదొక్కటే చాలదు, మనిషి తలలోని తప్పుడు నమ్మకాలతో నేరుగా పోట్లాడాలన్నాడు. ఆరన్ బెక్ కూడా దిగులు తెచ్చే ఆలోచనల్ని పట్టుకుని సరిదిద్దే పద్ధతి తయారుచేశాడు. ఈనాడు ఎక్కువగా వాడుకలో వున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వీళ్ళ వైపునుంచి వచ్చిందే. 1965లో వచ్చిన ఒక శిక్షణ ఫిల్ములో ఒకే స్త్రీతో రోజర్స్, ఫ్రిట్జ్ పెర్ల్స్, ఎల్లిస్ ముగ్గురూ తమ తమ పద్ధతుల్లో మాట్లాడారు. సైకాలజీ విద్యార్థులు దాన్ని ఇప్పటికీ చూస్తుంటారు.

ఈ తగాదాల్లో తేలిందేమిటి? మంచి సంబంధం ఒక్కటే అన్ని జబ్బులకూ చాలదని తేలింది. కాని ఏ పద్ధతి వాడినా, చికిత్సకుడికీ బాధితుడికీ మధ్య నమ్మకమైన సంబంధం వుంటేనే ఫలితం బాగుంటుందని కూడా పరిశోధనలు పదేపదే చెప్పాయి. రోజర్స్ మాట సగం ఓడి, సగం గెలిచిందన్నమాట. 1982లో అమెరికన్ మనశ్శాస్త్రవేత్తల అభిప్రాయం సేకరిస్తే, మానసిక చికిత్సను అందరికన్నా ఎక్కువ ప్రభావితం చేసినవాడు రోజర్సేనని తేలింది. ఫ్రాయిడ్ మూడోస్థానంలో వున్నాడు.

గదిలోంచి లోకంలోకి

1961లో ఆన్ బికమింగ్ ఎ పర్సన్ అనే పుస్తకం వచ్చి మామూలు పాఠకులకు కూడా ఆయన్ని దగ్గర చేసింది. తరవాత ఆయన విశ్వవిద్యాలయ ఉద్యోగం వదిలేసి, కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డునున్న లా హోయాలో స్థిరపడ్డాడు. 1969లో చదువుల మీద ఫ్రీడమ్ టు లెర్న్ రాశాడు. ఎవరూ ఎవరికీ బలవంతాన నేర్పలేరు, నేర్చుకోవాలనిపించే వాతావరణం మాత్రం కల్పించగలరని అందులోని సారాంశం. మన అధ్యాపకులు దీనికి అంగీకరిస్తారో లేదో గాని, నోట్సు డిక్టేషన్ తీసుకుని చేతులు నొప్పిపుట్టిన విద్యార్థులందరూ ఒప్పుకుంటారు.

చివరి పదిహేనేళ్ళు ఆయన చేసిన పని ఇంకా సాహసమైనది. ఇద్దరి మధ్య పనిచేసిన సూత్రం రెండు వర్గాల మధ్య పనిచెయ్యదా అనుకున్నాడు. ఉత్తర ఐర్లండులో ఒకరినొకరు చంపుకుంటున్న కేథలిక్కుల్ని, ప్రొటెస్టెంట్లను ఒక గదిలో కూర్చోబెట్టాడు. 1982లో దక్షిణాఫ్రికా వెళ్ళి నల్లవాళ్ళను, తెల్లవాళ్ళను కలిపి కూర్చోబెట్టాడు. 1985లో ఆస్ట్రియాలోని రుస్ట్ అనే ఊళ్ళో మధ్య అమెరికా దేశాల యుద్ధాలపై జరిగిన సమావేశం నడిపాడు. 1986లో సోవియట్ యూనియన్ కూడా వెళ్ళాడు. వీటితో యుద్ధాలు ఆగిపోలేదు. కాని తుపాకీ పట్టుకున్నవాడు ఎదుటివాడి దుఃఖం ఒక పూట విన్నాడు. ఎనభై దాటిన ముసలాయన చెయ్యగలిగింది ఆయన చేశాడు.

1979లో భార్య హెలెన్ కన్నుమూసింది. 1987లో ఆయన జారిపడి తుంటియెముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగినా గుండె ఆగి, ఫిబ్రవరి 4న లా హోయాలో మరణించాడు. అప్పటికి ఎనభై అయిదేళ్ళు. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతికి ఆయన పేరు ప్రతిపాదించారు.

మనకేమిటి?

వినటంతో అప్పులు తీరవు. ఎండిన పంటకు నీళ్ళు రావు. పోయిన సీటు తిరిగి రాదు. ఆ పనులకు వేరే మార్గాలున్నాయి, వాటికోసం పోరాడవలసిందే. కాని అప్పుకన్నా ముందు మనిషి బతికి వుండాలి గదా. ఒంటరిగా వున్న రాత్రి ఒక్కటి గడిస్తే, తెల్లవారాక ఏదో ఒక దారి వెతకవచ్చు. ఆ రాత్రి గడవటానికి ఒక మనిషి కావాలి.

మన హాస్టళ్ళలో గదికి ముగ్గురం నలుగురం వుంటాం. పక్కమంచం వాడు రెండురోజులుగా మెస్సుకు రాకపోతే మనం చేసేది ఏమిటి? ఒకటి, ఎగతాళి. రెండు, సలహా. రోజర్స్ చెప్పిన మూడోది మనలో చాలామందికి తోచదు. పక్కన కూర్చుని ఏమైందని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకోవటం. దానికి డిగ్రీ అక్కర్లేదు. వాడి బాధ మన శక్తికి మించినదైతే, లెక్చరరుగారికి చెప్పి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాలి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. ఈ నంబరు ప్రతి హాస్టలు నోటీసుబోర్డు మీదా రాసిపెట్టటానికి విద్యార్థి సంఘానికి ఒక సుద్దముక్క చాలు.

మన కాలేజీలోనూ ఒక గది, ఒక నమ్మకమైన మనిషి, రెండు కుర్చీలు ఏర్పాటయితే బాగుంటుంది. ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి చూసి పిచ్చివాడని నవ్వకుండా వుండటం మిగతా మనందరి వంతు. నేలమాళిగలోని దుంప కూడా కిటికీ ఎటుందో కనిపెట్టింది. కిటికీ తెరిచి వుంచటమే మన పని.